తేదీలు, టైమ్‌జోన్లు: వారం వారం జరిగే ఆన్‌లైన్ క్లాసులకు డేటాబేస్‌లో ఏ టైపు వాడాలి?

#1 గోదారి_కోడర్

ఆన్‌లైన్ సంగీతం క్లాసుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ డిజైన్ దశలో ఉంది. టీచర్లు విజయవాడ, హైదరాబాద్‌లలో. పిల్లలు డాలస్, లండన్, ఆక్లండ్‌లలో. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, సర్వర్ కోడ్ జావా, బ్రౌజర్‌లో కనిపించే ముందువైపు రియాక్ట్. ఒక్కసారి క్లాసులు తక్కువ, "ప్రతి శనివారం ఉదయం 7:30" లాంటివే ఎక్కువ.

తేలాల్సినవి: క్లాసు టైము ఏ కాలమ్ టైపులో పెట్టాలి, టైమ్‌జోన్ విడిగా దాచాలా, ఫీజు రిపోర్టులు ఏ తేదీ ప్రకారం తీయాలి. పిల్లల పుట్టినతేదీలు కూడా ఉన్నాయి. టెస్టు సర్వర్‌లో వాటిలో కొన్ని ఒక రోజు వెనక్కి కనిపిస్తున్నాయి, కొన్ని సరిగ్గానే ఉన్నాయి.

#2 క్రాన్‌ట్యాబ్

అన్నీ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) పెట్టెయ్యి బ్రో. చూపించేటప్పుడు వాళ్ల వాళ్ల జోన్‌కి మార్చు. ఇంతకంటే ఆలోచించాల్సింది ఏమీ లేదు.

#3 డీబీఏ_తాత

క్రాన్‌ట్యాబ్ గారి సూత్రం జరిగిపోయినవాటికి సరిపోతుంది. ఫీజు కట్టిన క్షణం, లాగిన్ అయిన క్షణం, ఈమెయిల్ వెళ్లిన క్షణం: ఇవి ఇక మారవు, యూటీసీలో పెట్టి మర్చిపోవచ్చు. జరగబోయే క్లాసు సంగతి వేరు. అక్కడ మనుషులు ఒప్పుకున్నది క్షణం కాదు, గోడ గడియారం చూపించే టైము.

ఒక్క క్లాసు తీసుకుని చూడండి. 2026 మార్చి 7 శనివారం, ఉదయం 7:30, విజయవాడ. డాలస్‌లో అది మార్చి 6 శుక్రవారం రాత్రి 8:00. యూటీసీలో శనివారం 02:00. ఆ ఆదివారం, అంటే మార్చి 8న, అమెరికా గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. మరుసటి వారం క్లాసు ఎప్పుడు?

విజయవాడ టైము కదలకపోతే ఇక్కడ 7:30, డాలస్‌లో శుక్రవారం రాత్రి 9:00. ఎనిమిదేళ్ల పిల్లకి అది నిద్ర టైము. డాలస్ టైము కదలకపోతే అక్కడ రాత్రి 8:00, ఇక్కడ టీచరు పొద్దున 6:30కే కూర్చోవాలి. రెండూ న్యాయమే. "ఎవరి గడియారం ప్రకారం" అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చేది కాదు, క్లాసు మాట్లాడుకున్నప్పుడే తేలాలి. ఆ తేలిన సంగతిని దాచడానికి మీ టేబుల్‌లో చోటుండాలి. ఉత్త యూటీసీ 02:00 మాత్రమే ఉంటే ఆ సమాచారం ఎక్కడా లేనట్టే. మార్చి 8న ఏది మార్చాలో ప్రోగ్రాముకి తెలియదు, మీకూ తెలియదు.

కాబట్టి టైపు కంటే ముందు ప్రతి కాలమ్‌కూ ఒక ప్రశ్న వేయండి: ఇది క్షణమా, గోడ గడియారం టైమా, ఉత్త తేదీయా, లేక వ్యవధా? 45 నిమిషాల క్లాసు అన్నది వ్యవధి. జవాబు తేలితే టైపు దానంతటదే తేలుతుంది.

#4 క్రాన్‌ట్యాబ్

వారం వారం రిపీట్ అయ్యేవాటికి ఒప్పుకుంటా. కానీ ఒక్కసారి జరిగే క్లాసుకి యూటీసీ చాలు కదా? డీఎస్‌టీ (వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే పద్ధతి) తేదీలు ముందే తెలుసు, లైబ్రరీ లెక్క వేసేస్తుంది. దేశాలు రోజూ రూల్స్ మారుస్తాయా ఏంటి. మన దగ్గరైతే దశాబ్దాలుగా గడియారం కదిలిందే లేదు.

#5 జోన్_పిచ్చి

మన దగ్గర కదల్లేదు కానీ మిగతా చోట్ల మారుస్తూనే ఉన్నారు. అదీ ఒక్కోసారి పీకల మీదికి వచ్చాక.

మెక్సికో 2022 అక్టోబరు చివర్లో వేసవి సమయాన్ని ఎత్తేసింది. చట్టం అచ్చయ్యాక అమలుకి మిగిలింది రెండు రోజులు. అదే నెలలో జోర్డాన్, సిరియా గడియారాలు ఇక వెనక్కి తిప్పబోమని చెప్పి +03:00లో (యూటీసీ కంటే 3 గంటలు ముందు) ఉండిపోయాయి. ఈజిప్టు మానేసిన డీఎస్‌టీని 2023 ఏప్రిల్‌లో మళ్లీ తెచ్చింది. 2024 మార్చి 1న కజకిస్తాన్ దేశం మొత్తాన్ని +05:00కి మార్చింది. సమోవా అయితే 2011 డిసెంబరు 30 అనే రోజునే క్యాలెండర్ నుంచి ఎత్తేసి తేదీ రేఖకి అవతలికి దూకింది.

ఆర్నెల్ల ముందు బుక్ చేసిన అపాయింట్‌మెంటుని పాత రూలుతో యూటీసీకి మార్చి, అసలు టైము పారేశారనుకోండి. రూలు మారాక అది గంట పక్కకి పోతుంది. వెనక్కి లెక్కగట్టాలంటే ఏ వరస (టేబుల్‌లోని రో) పాత రూలుతో రాసిందో, ఏది కొత్త రూలుతో రాసిందో తెలియాలి. అది ఎవరూ దాచరు.

#6 క్రాన్‌ట్యాబ్

సరే, ఒప్పుకున్నా. భవిష్యత్తుకి లోకల్ టైము + జోన్ పేరు. మరి "ఈ టీచరుకి ఆ టైములో ఇంకో క్లాసు ఉందా" అని ఎలా చూస్తారు? లోకల్ టైములు పెట్టుకుని చూస్తే ఒక్కో వరస ఒక్కో జోన్‌లో ఉంటుంది, వేగంగా వెతికిపెట్టే ఇండెక్స్ పనికిరాదు.

#7 డీబీఏ_తాత

మంచి ప్రశ్న. రెండూ పెట్టాలి. ఒకటి అసలు, ఇంకొకటి లెక్కగట్టినది.

క్లాసుల వరుస (వారం వారం రిపీట్ అయ్యే క్లాసు) టేబుల్‌లో: వారం, గోడ గడియారం టైము (టైమ్ టైపు), జోన్ పేరు (టెక్స్ట్, ఉదాహరణకి "ఆసియా/కోల్‌కతా" లేదా "అమెరికా/షికాగో"), వ్యవధి నిమిషాల్లో, మొదటి తేదీ, చివరి తేదీ. వారం పేరు ఆ జోన్‌ది. ఇక్కడ శనివారమైనది డాలస్‌లో శుక్రవారం, అందుకని వారాన్ని యూటీసీలో పెడితే మొదటి రోజే తప్పుతారు.

ఒక్కో క్లాసు టేబుల్‌లో: లోకల్ తేదీ-టైము (టైమ్‌స్టాంప్, జోన్ లేనిది), జోన్ పేరు, వీటి నుంచి లెక్కగట్టిన స్టార్ట్ ఎట్, ఎండ్ ఎట్ (రెండూ టైమ్‌స్టాంప్‌టీజెడ్, అంటే క్షణాన్ని దాచే టైపు). వెతకడం, సార్ట్ చేయడం, రిమైండర్లు అన్నీ చివరి రెండింటి మీద. రూలు మారితే మొదటి రెండింటి నుంచి వాటిని మళ్లీ లెక్కగడతారు, భవిష్యత్తు వరసలకి మాత్రమే.

టీచరు డబుల్ బుకింగ్ ఆపడానికి బీట్రీ జిస్ట్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ (రెండు వరసలు ఢీకొంటే డేటాబేసే ఆపే నియమం) పెట్టండి: టీచర్ ఐడీ సమానం, టీఎస్‌టీజెడ్ రేంజ్ (మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా) ఒకదానిమీద ఒకటి పడకూడదు. రేంజ్ ఎడమవైపు కలుపుకుని, కుడివైపు వదిలేసి ఉండాలి. లేదంటే 8:15కి అయిపోయే క్లాసూ 8:15కి మొదలయ్యే క్లాసూ ఢీకొన్నట్టు చూపిస్తుంది.

స్టార్ట్ ఎట్‌ని జెనరేటెడ్ కాలమ్‌గా (మిగతా కాలమ్‌ల నుంచి డేటాబేసే లెక్కగట్టి నింపేది) పెట్టాలనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది కూడా. కానీ స్టోర్ చేసిన జెనరేటెడ్ కాలమ్ ఆ వరస మళ్లీ రాసేదాకా పాత విలువనే పట్టుకుని ఉంటుంది. జోన్ రూలు మారిందని దానికి ఎవరూ చెప్పరు.

#8 గోదారి_కోడర్

టైమ్‌స్టాంప్‌టీజెడ్‌లో టైమ్‌జోన్ కూడా ఉంటుంది కదా? పేరులోనే ఉంది. మళ్లీ జోన్ కాలమ్ విడిగా ఎందుకు?

#9 డీబీఏ_తాత

ఆ పేరు చూసే అందరూ పడతారు. దాంట్లో జోన్ ఉండదు. రెండు టైపులూ 8 బైట్లే. లోపల ఉండేది 2000 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన మైక్రోసెకన్లు. టీజెడ్ ఉన్నది మీరిచ్చిన ఆఫ్‌సెట్‌ని (యూటీసీకి ఎంత తేడా అన్నది) చూసి యూటీసీకి మార్చి ఆఫ్‌సెట్‌ని పారేస్తుంది. చదివేటప్పుడు సెషన్ (ఆ కనెక్షన్) టైమ్‌జోన్‌కి మార్చి చూపిస్తుంది. అంతే.

టీజెడ్ లేనిది ఇంకా మోసం. "2026-03-07 07:30+05:30" అని టెక్స్ట్ ఇచ్చి టైమ్‌స్టాంప్‌కి క్యాస్ట్ చేస్తే ఆ +05:30ని చడీచప్పుడు లేకుండా వదిలేసి 07:30 దాచుకుంటుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

ఎట్ టైమ్ జోన్ అనే ఆపరేటర్ రెండువైపులా పనిచేస్తుంది: జోన్ లేనిదానికి వాడితే క్షణం వస్తుంది, క్షణానికి వాడితే జోన్ లేనిది వస్తుంది. పొరపాటున రెండుసార్లు రాస్తే 5:30 గంటల తేడా ఏ వైపు పోయిందో చూసుకోవాలి.

జావా వాడుతున్నారు కాబట్టి ఇంకోటి. పోస్ట్‌గ్రెస్ జేడీబీసీ డ్రైవర్ (జావాని డేటాబేస్‌కి కలిపేది) కనెక్ట్ అవగానే సెషన్ టైమ్‌జోన్‌ని, జావా ప్రోగ్రాముని నడిపే జేవీఎం డిఫాల్ట్ జోన్‌కి పెడుతుంది. ల్యాప్‌టాప్‌లో అది కోల్‌కతా, సర్వర్‌లో యూటీసీ. రోజువారీ లెక్కకి డేట్ ట్రంక్ (క్షణాన్ని ఆ రోజు మొదలుకి కుదించే ఫంక్షన్) రాసిన క్వెరీ ఒకటే, డేటా ఒకటే, రెండు చోట్ల రెండు మొత్తాలు. "నా మెషీన్‌లో బాగానే ఉంది" అనేదానికి సగం సార్లు కారణం ఇదే. జేవీఎంని అన్నిచోట్లా యూటీసీతో స్టార్ట్ చేయండి, క్వెరీల్లో జోన్‌ని పేరు పెట్టి రాయండి.

#10 జోన్_పిచ్చి

జోన్ కాలమ్‌లో ఏం రాయాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. "ఐఎస్‌టీ" మాత్రం వద్దు. అది ఇండియా, ఇజ్రాయెల్, ఐర్లండ్ మూడింటికీ పొట్టిపేరు. జావా పాత మూడక్షరాల పట్టికలో అది కోల్‌కతా. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పట్టికలో ఇజ్రాయెల్, +02:00. సెషన్ జోన్ యూటీసీగా ఉన్నప్పుడు "07:30 ఐఎస్‌టీ" అని టెక్స్ట్ పంపితే అది 05:30 యూటీసీ అనుకుంటుంది, మన గడియారంలో 11:00. మూడున్నర గంటల తేడా కనిపిస్తే ముందు ఇదే చూడండి. పొట్టిపేర్ల సెట్టింగ్‌ని ఇండియాకి మార్చుకునే వీలుంది, కానీ దానికంటే పొట్టిపేరు రాయకపోవడమే నయం.

"యూటీసీ+05:30" అని ఎట్ టైమ్ జోన్‌కి ఇవ్వడం ఇంకో గుంట. పోస్ట్‌గ్రెస్ దాన్ని పోసిక్స్ (యునిక్స్ ప్రమాణం) పద్ధతిలో చదువుతుంది, ఆ పద్ధతిలో ప్లస్ అంటే గ్రీనిచ్‌కి పడమర. మొత్తం 11 గంటలు తేడా. "ఈటీసీ/జీఎంటీ+5" అన్న జోన్ పేరుదీ అదే తిరకాసు, అది నిజానికి యూటీసీకి 5 గంటలు వెనక.

#11 రియాక్ట్_రాజమండ్రి

ముందువైపు సంగతి. పుట్టినతేదీ ఒక రోజు వెనక్కి పోవడానికి కారణం దాదాపు ఖాయంగా ఇదే: క్యాలెండర్ పికర్ నుంచి 2015 ఆగస్టు 15 ఎంచుకుంటే జావాస్క్రిప్ట్ డేట్ వస్తుంది, అది బ్రౌజర్ జోన్‌లో అర్ధరాత్రి. టు ఐసో స్ట్రింగ్ (యూటీసీ టెక్స్ట్‌గా మార్చే ఫంక్షన్) చేస్తే 2015-08-14, 18:30 యూటీసీ అవుతుంది. మొదటి పది అక్షరాలు కోసి పంపితే 14. డేటాబేస్‌లో ఎక్కడైనా 18:30:00 వరసగా కనిపిస్తే అది మన అర్ధరాత్రే, ఎవరో ఉత్త తేదీని క్షణంగా మార్చేశారని అర్థం.

"కొన్ని సరిగ్గానే ఉన్నాయి" అన్నారు కదా. డాలస్ నుంచి నింపిన ఫారాలు అయ్యుంటాయి. గ్రీనిచ్‌కి పడమర అర్ధరాత్రి యూటీసీలో అదే తేదీ ఉదయం, కాబట్టి కోసినా తేదీ నిలుస్తుంది. వాళ్లకి ఎదురు తప్పు జరుగుతుంది: "2015-08-15" అనే టెక్స్ట్‌ని డేట్‌కి ఇస్తే, టైము లేదు కాబట్టి జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది, డాలస్ బ్రౌజర్ 14 అని చూపిస్తుంది. అదే టెక్స్ట్‌కి 00:00 టైము తగిలిస్తే లోకల్ అనుకుంటుంది. ఒకే భాష, రెండు రూల్స్.

పుట్టినతేదీ అసలు డేట్ ఆబ్జెక్ట్‌లోకి వెళ్లకూడదు. సంవత్సరం, నెల, రోజు మూడు అంకెలు లేదా పది అక్షరాల టెక్స్ట్. డేటాబేస్‌లో డేట్ టైపు, జావాలో లోకల్‌డేట్. మధ్యలో ఎక్కడా జోన్ తగలకూడదు. జావాస్క్రిప్ట్ కొత్త టెంపొరల్ ఏపీఐ అందుబాటులో ఉంటే దాంట్లో ప్లెయిన్‌డేట్ సరిగ్గా దీనికే.

యూజర్ జోన్‌ని బ్రౌజర్‌లోని ఇంట్ల్ డేట్‌టైమ్‌ఫార్మాట్ నుంచి తీసుకుంటారు కదా, క్రోమ్ ఇండియాకి "ఆసియా/కలకత్తా" అని ఇస్తుంది, ఫైర్‌ఫాక్స్ "ఆసియా/కోల్‌కతా" అని. రెండూ ఒకటే జోన్, మొదటిది పాత పేరు, లింక్‌గా ఉంచారు. మీ కోడ్‌లో టెక్స్ట్‌ని టెక్స్ట్‌తో పోలిస్తే క్రోమ్ వాళ్లందరూ వేరే దేశం వాళ్లవుతారు. సర్వర్‌కి రాగానే ఒకే పేరుకి మార్చి దాచండి.

#12 క్రాన్‌ట్యాబ్

ఏపీఐలో (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే చోట) ఈ గొడవంతా లేకుండా ఎపాక్ నంబరు (1970 మొదలు నుంచి లెక్కపెట్టిన టైము) పంపితే సరిపోదూ? పార్సింగే ఉండదు.

#13 రియాక్ట్_రాజమండ్రి

పార్సింగ్ ఉండదు, కానీ సెకన్లా మిల్లీసెకన్లా అన్న గొడవ మొదలవుతుంది. ఇప్పటి టైము సెకన్లలో 10 అంకెలు, మిల్లీసెకన్లలో 13. సెకన్లని జావాస్క్రిప్ట్‌కి ఇస్తే 1970 జనవరి మూడో వారంలో ఉంటారు. మిల్లీసెకన్లని సెకన్లనుకుంటే సంవత్సరం 57 వేలు దాటుతుంది. లాగ్‌లో చూస్తే మనిషికి అర్థం కాదు. ఐసో రూపంలో టెక్స్ట్ పంపండి, చివర జెడ్ (యూటీసీ అని గుర్తు) గానీ ఆఫ్‌సెట్ గానీ తప్పనిసరి. లేకపోతే సర్వర్ 400 ఎర్రర్‌తో తిప్పికొట్టాలి, ఊహించుకోకూడదు.

భవిష్యత్తు క్లాసుకి అది కూడా చాలదు. లోకల్ టైము ఒక ఫీల్డు, జోన్ పేరు ఒక ఫీల్డు. ఒకే టెక్స్ట్‌లో కావాలంటే ఆఫ్‌సెట్ తర్వాత చదరపు బ్రాకెట్లలో జోన్ పేరు రాసే పద్ధతి 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9557 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చింది. జావా జోన్డ్‌డేట్‌టైమ్ ఎప్పటినుంచో అలాగే రాస్తోంది.

#14 వరంగల్_బ్యాకెండ్

జావాల ఏది వాడాల్నో చెప్పలేదు ఎవరూ. పాత డేట్, క్యాలెండర్, సింపుల్‌డేట్‌ఫార్మాట్ ముట్టకుండ్రి. సింపుల్‌డేట్‌ఫార్మాట్‌ని స్టాటిక్ పెట్టి రెండు థ్రెడ్లు వాడితే తేదీలు కలగాపులగమైతయి, అదీ లోడ్ ఉన్నప్పుడే. జావా 8 నుంచి ఉన్న జావా టైమ్ ప్యాకేజీ చాలు:

క్షణానికి ఇన్‌స్టంట్. క్లాసు అసలు టైముకి లోకల్‌డేట్‌టైమ్, పక్కన జోన్‌ఐడీ. పుట్టినతేదీకి లోకల్‌డేట్. జేడీబీసీ దగ్గర మాత్రం టైమ్‌స్టాంప్‌టీజెడ్ కాలమ్‌కి ఆఫ్‌సెట్‌డేట్‌టైమ్ ఇచ్చి పుచ్చుకోండ్రి, ప్రమాణంల ఉన్నది అదే.

ఫార్మాట్ ప్యాటర్న్‌ల సంవత్సరానికి చిన్న వై నాలుగు. పెద్ద వై రాస్తే అది వారాల లెక్క సంవత్సరం. 2024 డిసెంబరు 30 సోమవారం 2025 అని అచ్చయితది. ఏడాదిల కొన్ని రోజులే బయటపడే తప్పు, అది కూడా సగం మంది లీవుల ఉన్నప్పుడు. పెద్ద డీ రాస్తే నెలల రోజు కాదు, ఏడాదిల రోజు. చిన్న హెచ్ రాస్తే 12 గంటల లెక్క, ఏఎం పీఎం లేకపోతే మధ్యాహ్నం 3 పొద్దున 3 అయితది.

"ఒక రోజు తర్వాత" కూడా చూసుకోండ్రి. 24 గంటలు కలపడం వేరు, ఒక రోజు కలపడం వేరు. డాలస్‌ల మార్చి 7 రాత్రి 8కి 24 గంటలు కలిపితే మార్చి 8 రాత్రి 9. ఒక రోజు కలిపితే మార్చి 8 రాత్రి 8.

నెలవారీ ఫీజు ఉంటే: జనవరి 31కి నెల కలిపితే జావా ఫిబ్రవరి 28 ఇస్తది, దానికి ఇంకో నెల కలిపితే మార్చి 28. ఇంక 31కి తిరిగి రాదు. మొదటి తేదీని దాచి, దానికే రెండు నెలలు, మూడు నెలలు కలుపుకుంట పోవాలె. జావాస్క్రిప్ట్ సెట్‌మంత్ అయితే జనవరి 31ని మార్చి 3 చేస్తది.

#15 గోదారి_కోడర్

పుట్టినతేదీల సంగతి దొరికింది. డాలస్ ఫారాలు బాగున్నాయి, విజయవాడ నుంచి ఆఫీసు వాళ్లు నింపినవి పోయాయి. ధన్యవాదాలు రాజమండ్రి గారూ.

ఫీజు రిపోర్టుల సంగతి ఎవరైనా చెప్పండి. అకౌంటెంట్‌కి నెలవారీగా కావాలి.

#16 డీబీఏ_తాత

ఫీజు కట్టిన క్షణం టైమ్‌స్టాంప్‌టీజెడ్. రిపోర్టు తేదీ మాత్రం కంపెనీ ఉన్న చోటుది, కట్టినవాళ్లది కాదు.

యూటీసీ రోజు మన పొద్దున 5:30కి మారుతుంది. 2026 ఏప్రిల్ 1 తెల్లవారుజామున 1:10కి పడిన ఫీజు యూటీసీలో మార్చి 31, 19:40. యూటీసీలో నెల కోస్తే అది పోయిన ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. మీ డాలస్ వాళ్లు అక్కడ పగలు కడతారు, అంటే ఇక్కడ రాత్రి. మామూలు దుకాణానికి అరుదుగా వచ్చే తప్పు మీకు ప్రతి నెలాఖరుకీ వస్తుంది.

క్వెరీ ఇలా రాయండి: మొదలు "2026-04-01 00:00 ఎట్ టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా", చివర "2026-05-01 00:00" అదే జోన్‌లో. కాలమ్ మొదటిదానికి సమానం లేదా ఎక్కువ, రెండోదానికంటే తక్కువ. జోన్ మార్పిడి హద్దులకి చేయాలి, కాలమ్‌కి కాదు. కాలమ్‌ని ఫంక్షన్‌లో చుడితే మామూలు ఇండెక్స్ వాడదు. బిట్వీన్ రాసి చివర 23:59:59 పెట్టేవాళ్లున్నారు, ఆ ఆఖరి సెకనులో 23:59:59.4కి పడిన ఫీజు ఏ నెలలోనూ ఉండదు. రోజువారీ గ్రూపింగ్‌కి డేట్ ట్రంక్ మూడో ఆర్గ్యుమెంట్‌గా జోన్ పేరు తీసుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ 12 నుంచి.

#17 మైఎస్‌క్యూఎల్_మల్లి

మా దగ్గర మైఎస్‌క్యూఎల్. ఇదే లెక్కా అండి?

#18 డీబీఏ_తాత

ఆలోచన అదే, టైపులు వేరు తల్లీ. అక్కడ టైమ్‌స్టాంప్ సెషన్ జోన్ నుంచి యూటీసీకి మారుతుంది, కానీ 2038 జనవరి 19, 03:14:07 యూటీసీ దాటదు. మనకి ఆ రోజు పొద్దున 8:44:07. ఇరవై ఏళ్ల లోన్ వాయిదా తేదీలు పెడితే ఇప్పుడే తన్నేస్తుంది. డేట్‌టైమ్ 9999 దాకా వెళ్తుంది, జోన్ సంగతి ఏమీ ఎరగదు. చాలామంది డేట్‌టైమ్‌లో యూటీసీ పెట్టి, కాలమ్ పేరు చివర యూటీసీ అని రాసుకుంటారు. అది మంచి అలవాటే.

జోన్ మార్చే కన్వర్ట్ టీజెడ్ ఫంక్షన్‌కి జోన్ పేరు ఇస్తే నల్ వస్తోందంటే జోన్ టేబుళ్లు నింపలేదని. టీజెడ్‌ఇన్ఫో టు ఎస్‌క్యూఎల్ అనే టూల్ దాంతోపాటే వస్తుంది, ఒకసారి నడపాలి.

#19 తిథి_వారం

సంగీతం క్లాసులంటే పండగ సెలవులు కూడా ఉంటాయి. అవి ఇండియా క్యాలెండర్ నుంచి కాపీ కొట్టకండి.

తిథి మొదలూ చివరా క్షణాలే, ప్రపంచమంతటికీ ఒకటే. పండగ తేదీ మాత్రం ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి. వేసవిలో ఒక తిథి మన టైములో శనివారం ఉదయం 9 నుంచి ఆదివారం ఉదయం 8 దాకా ఉందనుకోండి. ఇక్కడ ఆదివారం సూర్యోదయానికి ఆ తిథి ఉంది, పండగ ఆదివారం. డాలస్‌లో అదే తిథి శుక్రవారం రాత్రి 10:30 నుంచి శనివారం రాత్రి 9:30 దాకా. అక్కడ శనివారం సూర్యోదయానికే ఉంది. సూర్యోదయం చూసే పండగైతే అక్కడ శనివారమే. సాయంత్రమో అర్ధరాత్రో చూసే పండగలకి లెక్క మారుతుంది. కాబట్టి సెలవుల టేబుల్‌లో తేదీతో పాటు ఊరు కూడా ఉండాలి.

పనిలో పని, జాతకం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా మన గడియారాలు +06:30లో నడిచాయి. "ఆసియా/కోల్‌కతా" పేరు వాడితే లైబ్రరీ చూసుకుంటుంది. కోడ్‌లో 5:30 అని అంకె రాస్తే ఆ మూడేళ్లలో పుట్టినవాళ్ల లగ్నం గంట తప్పుతుంది. లగ్నం ఉండేదే రమారమి రెండు గంటలు.

#20 పైథాన్_పుల్లయ్య

మాటొచ్చింది కాబట్టి: పైథాన్‌లో పైటీజెడ్ లైబ్రరీ జోన్‌ని నేరుగా డేట్‌టైమ్ టీజెడ్‌ఇన్ఫోకి ఇస్తే కోల్‌కతాకి +05:53 వస్తుంది. అది ఐఎస్‌టీకి ముందున్న పాత కలకత్తా స్థానిక సమయం. 23 నిమిషాల తేడా కనిపిస్తే ఇంక వేరే వెతకనక్కర్లేదు. 3.9 నుంచి జోన్‌ఇన్ఫో ఉంది, అది వాడండి. విండోస్‌లో టీజెడ్‌డేటా ప్యాకేజీ విడిగా పెట్టుకోవాలి. యూటీసీనౌ ఇచ్చేది జోన్ లేని విలువ, 3.12లో దాన్ని వదిలేయమన్నారు.

#21 వరంగల్_బ్యాకెండ్

రూలు మారినప్పుడు మళ్ల లెక్కగట్టాలె అన్నరు. కొత్త రూలు ఎక్కడికెళ్లి వస్తదో గూడ చూడాలె. లైనక్స్ ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే జేవీఎం మారదు, దానికి దాని సొంత కాపీ ఉంటది: జేడీకే అప్‌డేట్ గానీ టీజెడ్ అప్‌డేటర్ గానీ నడపాలె. నోడ్‌కి (సర్వర్‌ల నడిచే జావాస్క్రిప్ట్) ఐసీయూ అనే లైబ్రరీ డేటా. పోస్ట్‌గ్రెస్‌కి ఎట్ల బిల్డ్ చేసినరో దాన్ని బట్టి సొంతదో, సిస్టమ్‌దో. మూడు మూడు వెర్షన్ల మీద ఉంటే మూడు జవాబులు. ఆల్పైన్ (చిన్న లైనక్స్) కంటైనర్ ఇమేజ్‌ల టీజెడ్‌డేటా ఉండదు, గో ప్రోగ్రాం "తెలియని టైమ్‌జోన్" అని ఆగిపోతది. ఆగడం నయం. ఎన్విరాన్‌మెంట్‌ల టీజెడ్ పెట్టి ఊరుకున్న మిగతా ప్రోగ్రాములు చప్పుడు లేకుండ యూటీసీల నడుస్తయి.

టెస్టులకి: ఇప్పుడు టైమెంత అని కోడ్‌ల ఎక్కడబడితే అక్కడ అడగొద్దు. క్లాక్ ఆబ్జెక్ట్ బయట నుంచి ఇయ్యాలె, టెస్టుల ఫిక్స్‌డ్ క్లాక్. సీఐని (టెస్టులు తనంతట తానే నడిపేది) కోల్‌కతా, షికాగో, ఆక్లండ్, కాఠ్‌మాండూ నాలుగు జోన్లల నడపండ్రి. కాఠ్‌మాండూ ఎందుకంటే +05:45, అరగంటల మీద ఊహించి రాసిన కోడ్ అక్కడ దొరుకుతది. ఎంత సేపు పట్టింది అని కొలిచేదానికి మాత్రం జావా నానోటైమ్. మామూలు గడియారాన్ని ఎన్‌టీపీ (నెట్ నుంచి టైము సరిచేసేది) ఎనకకి జరిపితే మైనస్ 3 మిల్లీసెకన్లు పట్టింది అని వస్తది.

#22 గోదారి_కోడర్

ఇంతవరకు తేలింది ఇది. వరుసకి గోడ టైము + జోన్. జోన్ డిఫాల్ట్‌గా టీచరుది, బుకింగ్‌లో "మీ టైము మారకూడదా?" అని అడిగి పిల్లల జోన్‌కి మార్చే వీలు. స్టార్ట్ ఎట్ లెక్క జావాలో. సరిచూడటానికి డేటాబేస్‌లో ట్రిగ్గర్ (వరస రాయగానే దానంతటదే నడిచే కోడ్) అదే లెక్క గట్టి, తేడా ఉంటే ఎర్రర్ ఇస్తుంది. ఈమెయిల్‌లో రెండు ఊళ్ల టైములూ, వారం, తేదీతో సహా.

ఇప్పుడు ఆ ట్రిగ్గర్ ఒక టెస్టులో తన్నింది: షికాగో, 2026-11-01 01:30. జావా 06:30 యూటీసీ అంటోంది, పోస్ట్‌గ్రెస్ 07:30 అంటోంది. వెర్షన్లు రెండింటివీ తాజావే. ఎవరిది తప్పు?

#23 జోన్_పిచ్చి

ఇద్దరిదీ కాదు. నవంబరు 1న అక్కడ 2:00కి గడియారం 1:00కి వెనక్కి వస్తుంది, కాబట్టి 01:30 రెండుసార్లు వస్తుంది. జావా మొదటిదాన్ని తీసుకుంటుంది, -05:00. పోస్ట్‌గ్రెస్ స్టాండర్డ్ టైముని, అంటే రెండోదాన్ని, -06:00. మార్చి 8న అసలు లేని 02:30కి మాత్రం ఇద్దరూ 03:30 అనే అంటారు, అందుకే ఆ టెస్టు పాసై ఉంటుంది.

లెక్క ఒక్కచోటే పెట్టండి. జావాలో వుండనిస్తే ట్రిగ్గర్‌ని సమానత్వం అడగొద్దనండి. స్టార్ట్ ఎట్‌ని ఆ జోన్‌కి వెనక్కి మార్చితే లోకల్ టైము వస్తుందా అని అడగమనండి. 01:30కి రెండు జవాబులూ పాసవుతాయి, నిజంగా గంట తప్పినవి దొరుకుతాయి. లేని టైముని మాత్రం అది ఫెయిల్ చేస్తుంది: 02:30 పోయి 03:30 వస్తుంది కాబట్టి. అందుకని వరుస నుంచి క్లాసులు పుట్టించేటప్పుడే అలాంటిదాన్ని 03:30గా మార్చి లోకల్ కాలమ్‌లో రాయండి.

#24 గోదారి_కోడర్

ట్రిగ్గర్ మార్చాను, 01:30 పాసైంది. 02:30ని 03:30గా రాస్తే వచ్చే వారం క్లాసు కూడా 3:30కి పోదు కదా?

#25 జోన్_పిచ్చి

పోదు, వచ్చే వారానిది వరుస టేబుల్‌లోని 02:30 నుంచి పుడుతుంది. పోయిన వారం క్లాసుకి ఏడు రోజులు కలిపి పుట్టిస్తుంటే మాత్రం పోతుంది. అలా రాశారేమో ఒకసారి చూసుకోండి.

#26 గోదారి_కోడర్

అలాగే రాశాను. మారుస్తున్నా.